బల్ల యొక్కటే, రుచులు పెక్కు

దేశాటనము చేసి వచ్చినవారు సాధారణముగా అచటి మేడలను గూర్చియు, మ్యూజియములను గూర్చియు చెప్పుదురు. కాని ఒక దేశపు ప్రజల నెరుగవలెనన్నచో, వారు పని ముగించుకొని, ఆకలితో, చేతనున్న కొద్దిపాటి డబ్బుతో ఎక్కడ కూర్చుందురో అక్కడకు పోయి చూడవలెను. సింగపూరు, మలేషియా దేశముల విషయమున ఈ మాట మరింత నిజము. అచటి చరిత్రలో పెద్ద భాగము పళ్ళెములలో వ్రాయబడి యున్నదని చెప్పవచ్చును.

ఆ ప్రాంతమునకు పోయిన యాత్రికుడు ఏదో ఒక సందులో, చిన్న అంగడిలో, పేరు తెలియని పదార్థమును తిని, దానిని తానే క్రొత్తగా కనుగొన్నట్లు సంతసించును. సంతసించుటలో తప్పు లేదు. కాని ఆ అంగడివాడు ఎన్నో యేండ్లుగా అచటనే నిలుచుండి గరిట త్రిప్పుచున్నాడు. వాని తాతతండ్రులు ఎక్కడినుండి వచ్చిరి? ఆ వంట వానికెట్లు అబ్బినది? ప్రక్కబల్లపై కూర్చుండి తినుచున్నవారెవరు? ఇట్టి ప్రశ్నలు వేసికొన్నప్పుడు నాలుకకు తెలిసిన రుచి మనస్సునకును తెలియును. ఈ వ్యాసమున ఆ ప్రశ్నలను కొంతవరకు విచారింతము.

ఒక కప్పు క్రింద

సింగపూరులో సామాన్యజనులు తిను చోటును 'హాకర్ సెంటరు' అందురు. హాకర్ అనగా తిరిగి అమ్ముకొనువాడు. ఇప్పుడు వారు తిరుగుట లేదు గాని పాతపేరు అట్లే నిలిచినది. విశాలమైన కప్పు క్రింద చిన్న చిన్న అంగళ్ళు వరుసలుగా ఉండును. ఒక్కొక్క అంగడిలో ఒకటి రెండు వంటకములే చేయుదురు. నడుమనున్న బల్లలు ఏ ఒక్క అంగడికిని చెందినవి కావు. ముందుగా చోటు పట్టదలచినవారు బల్లపై ఒక కాగితపు రుమాళ్ళ పొట్లమును పెట్టి, తమ తిండి తెచ్చుకొనుటకు పోవుదురు. దానిని చూచినవారు ఆ చోటు మరియొకరిదని గ్రహించి, వేరొక చోటు వెదకుకొందురు. ఆఫీసు గుమాస్తాయు, టాక్సీ తోలువాడును, బడిపిల్లలును ఒకే బల్ల చుట్టు కూర్చుండి, తలకొక అంగడినుండి తెచ్చుకొన్నది తినుచుందురు.

హాకర్ సెంటరుకంటె పాతది 'కోపితియాం'. కోపి అనగా మలయు భాషలో కాఫీ. తియాం అనగా ఫుకియన్ చైనీయుల పలుకుబడిలో అంగడి. రెండు భాషలు కలిసి ఒక కాఫీ హోటలు అయినది. గింజలను చక్కెరతోను, వెన్నవంటి కొవ్వుతోను కలిపి వేయించుటచే అచటి కాఫీ మిక్కిలి నల్లగా నుండును. దానిని అడుగుటకు ఒక చిన్న పరిభాష కలదు. 'కోపి' అన్నచో తీయని డబ్బాపాలు కలిపి యిత్తురు. 'కోపి-ఓ' అన్నచో పాలు ఉండవు, చక్కెర ఉండును. 'కోసోంగ్' అని చేర్చినచో చక్కెరయు ఉండదు. ఆ మాటకు మలయు భాషలో ఖాళీ అని యర్థము.

కాఫీకి తోడుగా కాల్చిన రొట్టె ముక్కల నడుమ 'కాయా' పూసి యిత్తురు. కొబ్బరిపాలు, గ్రుడ్లు, చక్కెర కలిపి సన్నని సెగపై కాచిన తీయని ముద్దయే కాయా. ఇట్టి అంగళ్ళను పెక్కింటిని నడపినవారు హైనాన్ ద్వీపమునుండి వచ్చిన చైనీయులు. వారు తక్కిన చైనీయులకంటె ఆలస్యముగా వచ్చిరి. అప్పటికి లాభసాటి వర్తకములు ఇతరుల చేతులలో ఉండెను. అందుచే ఐరోపీయుల ఇండ్లలోను, ఓడలపైనను వంటవారుగా కుదిరి, అక్కడ నేర్చిన పనితో పిదప స్వంత అంగళ్ళు తెరచిరి. పాశ్చాత్యుల రొట్టె, చైనీయుని చేయి, మలయా కొబ్బరి ఈ విధముగా ఒక పళ్ళెమున కలిసినవి.

ఎవరి వంట?

మలయుల ఉదయ భోజనము 'నాసి లెమాక్'. బియ్యమును కొబ్బరిపాలతో వండి, ఉడుకుచుండగా పాండాన్ ఆకును ముడివేసి అందులో పడవేయుదురు. పాండాన్ మన మొగలికి దగ్గరి చుట్టము. కాని దీనికి పూవు కాదు, ఆకే పరిమళము. ఆ అన్నముపై వేయించిన నెత్తళ్ళు, వేరుశనగలు, దోసకాయ ముక్కలు, గ్రుడ్డు, ఎఱ్ఱని మిరపకాయల 'సంబాల్' ఉంచి అరటియాకున పొట్లము కట్టుదురు. పొలమునకో తోటకో పోవువానికి సరిపడిన భోజనమది.

పెనాంగు నగరపు 'నాసి కందార్' తమిళ ముస్లిములది. కందార్ అనగా కావడి. పూర్వము కావడికి ఒక ప్రక్క అన్నమును, ఒక ప్రక్క కూరలను వ్రేలాడదీసి, వీధులలో మోసికొనిపోయి అమ్మినందున ఆ పేరు వచ్చినది. ఈ వర్తకుల అంగళ్ళను 'మామాక్' అంగళ్ళందురు. మేనమామను పిలుచు తమిళపు 'మామా' యే ఆ మాటకు మూలము. మనకును మామయ్యయే గదా! ఆ మామయ్యలే మైదాపిండి ముద్దను గాలిలో విసరి, పలుచగా సాగదీసి, మడచి, పెనముపై కాల్చి, పొరలు పొరలుగా నుండు రొట్టెను చేయుదురు. మలేషియాలో అది 'రోటీ చనాయ్', సింగపూరులో 'రోటీ ప్రాటా'. రెండు పాత్రల నడుమ ఎత్తునుండి పోసి నురుగు తెప్పించిన తేనీటికి 'తే తారీక్' అని పేరు. లాగిన తేనీరు అని యర్థము. వీరే చైనీయుల పసుపు నూడిల్సును తీసికొని, మిరపముద్దయు టొమాటోయు బంగాళాదుంపయు చేర్చి, 'మీ గోరెంగ్' కల్పించిరి. ఈ వంటకము ఇండియానుండి పోలేదు, చైనానుండియు రాలేదు. రెండు జాతులవారు ఇరుగుపొరుగు అంగళ్ళు పెట్టుకొన్న రేవుపట్టణపు వీధిలో పుట్టినది.

మలక్కా, పెనాంగు నగరములలో చైనీయ వర్తకులు అచటి స్త్రీలను పెండ్లాడగా ఏర్పడిన పెరనాకన్ కుటుంబములు ఉన్నవి. వారి యిండ్ల పిండివంటలు చూడముచ్చటగా నుండును. కొన్నింటికి నీలిరంగు శంఖపుష్పముల రసమునుండి వచ్చును. 'ఒందె-ఒందె' అనునది లోపల బెల్లము దాచిన చిన్న కుడుమువంటిది. జిగురుబియ్యపు పిండిని పాండాన్ రసముతో ఆకుపచ్చగా తడిపి, ఉండచేసి, నడుమ 'గులా మలాకా' పెట్టి, ఉడికించి, కొబ్బరికోరులో దొర్లింతురు. కొబ్బరి గెలల నీరాను కాచి తీసిన బెల్లమే గులా మలాకా. ఉండను కొరికినంతనే కరగిన బెల్లము నోట నిండును.

ఇంతవరకు చెప్పిన వానిలో స్థానికమని అందరు తలచునది సంబాల్. కాని ఆ సంబాల్‌లోని మిరపకాయయు, దానిప్రక్కనున్న వేరుశనగయు అమెరికా ఖండమున పుట్టినవి. పోర్చుగీసువారు మలక్కాను పట్టుకొన్నది 1511లో. ఐరోపా నావికుల రాకపోకలతో ఆ పంటలు ఆసియాకు చేరినవి. మన ఆవకాయలోని కారపు కథయు ఇదియే. కావున 'స్థానికము' అనుటకు ఎన్నడును కదలనిదని కాక, వచ్చి నిలిచి ఇంటిదైనదని అర్థము చెప్పుకొనుట మేలు.

మాటలలో మిగిలిన రుచి

భాషోపాధ్యాయులకు ఈ వంటశాలలో మరియొక విందు కలదు. మలయు భాషలో రుచికి 'రాసా' అని పేరు. అది మన రసమే. చక్కెరను 'గులా' అందురు; సంస్కృతపు గుడమునుండి వచ్చినది. 'చుకా' అనగా వంటలో వాడు పులుపు ద్రావకము. చుక్రము దానికి మూలము, మన చుక్కకూర దాని చుట్టము. తేనె 'మాదు'. ధనియములు 'కెతుంబార్', సంస్కృతమున ధనియములకు కుస్తుంబురువను పేరున్నదని పండితు లెరుగుదురు. అన్నిటికంటె విశేషమైన మాట 'పువాసా'. మలయు ముస్లిములు రంజాను ఉపవాసమును ఈ మాటతోనే వ్యవహరింతురు. ఇది ఉపవాస శబ్దమే. మతము మారినను మాట మారలేదు. దక్షిణ భారతపు అప్పమును, పుట్టును 'అపం', 'పుతు' అను పేళ్ళతో వారి పిండివంటలలో చేరినవి.

ఆ దేశములకు పోయినవారిలో మన తెలుగువారును ఉన్నారు. ఆంగ్లేయుల కాలమున విశాఖపట్నము, గోదావరి ప్రాంతములనుండి ఎందరో మలయా తోటలలో పనికై ఓడలెక్కిరి. పేరాక్ రాష్ట్రములోని బాగన్ దతో కొబ్బరి తోటలు తెలుగువారి నివాసములుగా పేరొందినవి. వారు 1955లో స్థాపించుకొన్న మలయా ఆంధ్ర సంఘము నేటి మలేషియా తెలుగు సంఘమునకు మూలము. సింగపూరులో తెలుగు సమాజము 1975లో వెలసినది. తరములు గడచి, ఇంటి భాష కొందరికి దూరమైనను, ఉగాది పండుగ మాత్రము వారిని ఒకచోట చేర్చుచున్నది.

పండుగ పిండివంటలు

వీధి తిండిలో కనబడు ఈ కలయిక పండుగలలో మరింత స్పష్టమగును. రంజాను నెలలో సాయంకాలము కాగానే సింగపూరులో గేలాంగ్ సెరాయ్ వద్దను, కౌలాలంపూరులో కంపుంగ్ బారు వద్దను సంతలు క్రిక్కిరిసి యుండును. కంపుంగ్ బారు మసీదులో పెద్ద పెద్ద కాగులలో మాంసమును, సుగంధద్రవ్యములను వేసి 'బుబుర్ లంబుక్' అను గంజి కాచి, వచ్చినవారికి వెల లేకుండ పంచుదురు.

ఉపవాసములు ముగిసిన 'హరి రాయా' పండుగనాటి ముఖ్య వంటకము 'కెతూపాట్'. లేత కొబ్బరి ఆకులను చిన్న బుట్టవలె అల్లి, అందులో కొంత బియ్యము పోసి ఉడికింతురు. బియ్యము ఉబ్బి, పోవుటకు చోటులేక, గట్టి ముద్దగా నగును. జిగురుబియ్యమును కొబ్బరిపాలతో వెదురు బొంగులో పోసి, నిప్పుల ప్రక్క నిలిపి వండినది 'లెమాంగ్'. వీనిలోనికి 'రెండాంగ్' అను మాంసపు కూరను వడ్డింతురు. అది సుమత్రా ద్వీపపు మినాంగ్‌కబావు ప్రజల వంట. ద్రవమంతయు ఇగిరి, కూర నల్లబడువరకు గంటలకొలది కాచవలెను.

చైనీయుల నూతన సంవత్సరమునకు జిగురుబియ్యపు పిండి, చక్కెర కలిపి ఆవిరిపై వండిన బిళ్ళ ఉండవలెను. వంటయింటి దేవుడు ఆ యింటి మంచిచెడ్డలు చెప్పుటకు స్వర్గమునకు పోవునని వారి నమ్మకము. ఈ బంకబిళ్ళను నైవేద్యము పెట్టినచో, చెడ్డ చెప్పకుండ ఆయన నోరు అంటుకొనునట! అనాసపండు పాకమును వెన్నపిండిపై పెట్టి కాల్చిన బిళ్ళలును ఆ పండుగకు తప్పవు. ఫుకియన్ పలుకుబడిలో అనాసపేరు 'ఓంగ్ లాయ్'. అది అదృష్టము వచ్చునను మాటవలె వినబడును. పచ్చిచేప పలుచని ముక్కలను, రంగురంగుల కూరగాయల తురుమును ఒక పెద్ద పళ్ళెమున పోసి, ఇంటిల్లిపాదియు చుట్టు నిలిచి, పుల్లలతో పైకెగురవేయు వేడుక యొకటి కలదు. ఎంత ఎత్తు ఎగిరిన అంత కలిమి యని తలతురు. ఇది పురాతనమని తోచును గాని, ఇప్పటి రూపమున దీనిని సింగపూరులో ప్రచారమునకు తెచ్చినది 1960 తరువాతి దశాబ్దపు హోటళ్ళ వంటవారు.

దీపావళికి అచటి భారతీయుల యిండ్లలో మురుకులును, మన అరిసెలకు తోబుట్టువైన అతిరసములును చేయుదురు. మన యిండ్లలో గులాబీ పువ్వులని పిలుచు పిండివంట యొకటి యున్నది గదా. ఇనుప అచ్చును నూనెలో కాచి, పలుచని పిండిలో ముంచి, మరల నూనెలో పెట్టి కదలింపగా పువ్వు విడివడును. మలేషియా, సింగపూరులలో ఈ పువ్వు మూడు పండుగలలోను కానవచ్చును. మలయులు దానిని 'కుయ్ రోస్' అని హరి రాయాకు చేయుదురు. చైనీయులు 'కుయ్ లోయాంగ్' అనియో, తేనెతుట్టె బిళ్ళలనియో పిలిచి తమ నూతన సంవత్సరమునకు డబ్బాలలో నింపుదురు. తమిళులు 'అచ్చు మురుక్కు' అని దీపావళికి వండుదురు. అచ్చు ఒక్కటే, పిండియు ఇంచుమించు ఒక్కటే. ప్రతివారును అది తమ యింటి వంటయే యందురు. అందరి మాటయు నిజమే.

ఈ పండుగలలో 'రుమా తెర్బుకా' అను ఆచారము కలదు. తెరచిన యిల్లు అని యర్థము. పండుగ చేసికొనువారు తలుపులు తెరచి ఉంతురు. ఇరుగుపొరుగువారు, తోడి ఉద్యోగులు, ఏ మతమువారైనను వచ్చి తిని పోవుదురు. ముస్లిము అతిథికి హలాల్ కాని మాంసము పెట్టరు. గోమాంసము ముట్టని హిందువునకును, శాకాహారికిని వేరు పాత్ర ఉంతురు. హాకర్ సెంటరులో సైతము హలాల్ పళ్ళెములను తిరిగి యిచ్చుటకు వేరు చోటున్నది. మన దేశమున ఎవరి సరసన ఎవరు కూర్చుండవచ్చునన్న ప్రశ్నతో పంక్తులు చీలినవి. సహపంక్తి భోజనములకై సంస్కర్తలు పాటుపడవలసి వచ్చినది. అచటి సామాన్యులు తమ నిషేధములను విడువలేదు. కాని నిషేధమును పళ్ళెమునకే పరిమితము చేసి, బల్లను అందరికిని విడిచిరి. ఇది చిన్న సంగతి కాదు.

గరిట ఎవరిది?

అయినను ఈ కూడిక దానంతటది వచ్చినదనియు, ఎల్లకాలము నిలుచుననియు తలపరాదు. 1964 జూలై, సెప్టెంబరు నెలలలో సింగపూరున మలయులకును చైనీయులకును నడుమ రక్తపాతము జరిగినది. 1969 మే 13న కౌలాలంపూరులో అంతకంటె ఘోరమైన అల్లర్లు చెలరేగినవి. పండుగనాడు పిండివంటలు పంచుకొన్న ఊళ్ళలోనే ఇవి జరిగినవి. పొరుగువాని వంట నచ్చినంతమాత్రమున పొరుగువానితో పొత్తు కుదరదు. కాని దినదినము ఒకే బల్ల చుట్టు కూర్చుండు అలవాటు ఆ పొత్తునకు కొంత చోటు కల్పించును.

ఆ బల్లను నిలుపుటకు ప్రభుత్వమును పూనుకొనవలసి వచ్చినది. వీధులలో బండ్లపై అమ్ముకొనువారికి నీటి వసతి లేక, మురుగు కాలువల ప్రక్కనే వండుటచే రోగములు ప్రబలెడివి. అధికారులు తరుముచుండిరి, వారు పరుగెత్తుచుండిరి. సింగపూరులో 1950లోనే ఈ సమస్యపై విచారణ సంఘము కూర్చున్నది. 1968, 69 సంవత్సరములలో దాదాపు 18,000 మంది వీధి వర్తకులను నమోదు చేసి, 1971 మొదలు 1986 లోపల కొళాయిలు, విద్యుత్తు, మురుగు కాలువలు గల కేంద్రములు కట్టి వారిని అందులోనికి చేర్చిరి. బండిని నిషేధించి చేతులు దులుపుకొనక, బండివానికి చోటు చూపిరి. 2020 డిసెంబరులో యునెస్కో సింగపూరు హాకర్ సంస్కృతిని మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. 2024లో మలేషియా ఉదయ భోజన సంప్రదాయమునకును ఆ గౌరవము దక్కినది.

గౌరవము దక్కిన సమయముననే కరవు ఏర్పడినది. సింగపూరు హాకర్లలో పెక్కుమంది అరువదియేండ్లకు చేరువలో నున్నారు. చీకటితో లేచి, సెగవద్ద పన్నెండు గంటలు నిలుచుండు పని యది. ఆ పనితోనే వారు బిడ్డలను చదివించిరి. చదివిన బిడ్డలు ఆ పనికి రారు. రమ్మని తల్లిదండ్రులును కోరరు. తినువారేమో వెల పెరుగరాదందురు. ప్రభుత్వము క్రొత్తవారికి శిక్షణ నిప్పించుచు, వృద్ధులచే పని నేర్పించుచున్నది.

పెనాంగులో సమస్య మరియొక రూపము దాల్చినది. స్థానికులు చాలక, విదేశములనుండి వచ్చిన కూలీలు అంగళ్ళలో గరిట పట్టుకొనిరి. రుచి చెడునని తలచి, పెనాంగు ప్రభుత్వము 2016 నుండి వీధి అంగళ్ళలో ముఖ్య వంటవారుగా విదేశీయులను ఉంచరాదని నియమము చేసినది. పేరుగన్న రుచిని కాపాడవలెనన్న వారి ఆరాటము అర్థము కానిది కాదు. కాని ఆ రుచిని సృష్టించినదెవరు? హైనాన్ నుండి ఆలస్యముగా వచ్చిన వంటవాడు, తమిళదేశమునుండి కావడితో వచ్చిన మామయ్య. వారును ఒకనాడు విదేశీయులే. వారును చూచి నేర్చినవారే. వంట పుట్టుకతో రాదు. ఓపికతో నేర్పువారును, శ్రద్ధతో నేర్చువారును ఉన్నంతకాలము అది చేతినుండి చేతికి పోవును. నేర్పుటకు తీరికయు, నేర్చినవానికి తగిన కూలియు లేనినాడు, వంటవాడు ఏ దేశమువాడైనను రుచి నిలువదు.

ఉపాధ్యాయులు భూగోళమో చరిత్రయో చెప్పునప్పుడు విద్యార్థులచే ఒక చిన్న పని చేయింపవచ్చును. ఆ దినమున ఇంట తిన్న పదార్థముల పేళ్ళు వ్రాయించి, మిరపకాయ ఎక్కడిది, బంగాళాదుంప ఎక్కడిది, గులాబీ పువ్వుల అచ్చు ఇంకెవరి యిండ్లలో నున్నది అని విచారింపుమనవచ్చును. ఆ వంటను నేర్పినదెవరు, వారికి నేర్పినదెవరు అని కూడ పెద్దల నడిగి వ్రాసికొని రమ్మనవలెను. సముద్రముల కావలినుండి వచ్చిన వస్తువుల ప్రక్కన అమ్మమ్మల పేళ్ళు, పొరుగువారి పేళ్ళు చేరును. ఒక పళ్ళెమునకు ఎందరు ఋణపడి యున్నారో పిల్లలు స్వయముగా లెక్కవేసికొందురు.